డిస్క్ గోల్ఫ్ ఆడదాం, పాదాలు చూసుకుందాం



అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులు ఈ మధ్య మన ఓ.పి.లో తరచుగా కనిపిస్తున్నారు. కూతురి పురిటికో, మనవలను చూసుకోవడానికో వెళ్తారు. వెళ్ళేటప్పుడు అదుపులో ఉన్న షుగరు తిరిగి వచ్చేసరికి పెరిగి ఉంటుంది. "అక్కడ నడిచారా అమ్మా?" అని అడిగితే, "ఎక్కడికి నడుస్తాం సిస్టర్? కారు లేనిదే గుమ్మం దాటలేం. తినడం, టీవీ చూడడం, పడుకోవడం" అంటారు. ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. 2024 మార్చిలో మేమిద్దరం లాస్ ఏంజిలిస్ దగ్గర ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మొదటి రెండు వారాలు మేము చేసిందీ అదే. మా వారికి పదిహేడేళ్ళుగా షుగరు ఉంది.

మూడవ శనివారం ఉదయం మా అల్లుడు "మావయ్య గారూ, నాతో పాటు పార్కుకు రండి, డిస్క్ గోల్ఫ్ చూద్దురు గాని" అని తీసుకువెళ్ళాడు. గోల్ఫ్ అంటే డబ్బున్నవారి ఆట కదా, మనకెందుకు అనుకున్నాను. వెళ్ళి చూస్తే టిక్కెట్టు లేదు, కర్రలు లేవు, బంతి లేదు. ఒక్కొక్కరి చేతిలో అన్నం తినే కంచం కంటే చిన్నదైన ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి ఉంది. దాన్ని విసిరి, పడిన చోటికి నడిచి వెళ్ళి, అక్కడ నుండి మళ్ళీ విసురుతున్నారు. దూరంగా ఇనుప గొలుసులు వేలాడుతున్న బుట్టలో పళ్ళెం పడితే ఒక అంకం అయినట్లు. అలాంటివి పద్దెనిమిది. అన్నీ పూర్తి చేసి కారు దగ్గరకు వచ్చేసరికి రెండు గంటలు గడిచాయి. మా వారు ఫోనులో అడుగులు చూసుకుని ఆశ్చర్యపోయారు. మా ఊళ్ళో "కాసేపు నడవండి" అని నేను పోరినా వీధి చివరి వరకు వెళ్ళి తిరిగి వచ్చే మనిషి ఆయన.

మేము వెళ్ళిన చోటుకు ఈ ఆట చరిత్రలో పెద్ద పేరే ఉందని తరువాత తెలిసింది. పాసడీనా ఊరి పక్కన, శాన్ గాబ్రియల్ కొండల అడుగున ఉన్న ఆ పార్కును ఇప్పుడు హహమోంగ్నా పార్కు అంటారు. పాత పేరు ఓక్ గ్రోవ్. అంగారక గ్రహం మీదికి యంత్రాలను పంపిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ దాని పక్కనే ఉంటుంది. ప్రపంచంలో మొట్టమొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సును 1975లో ఇక్కడే ఏర్పాటు చేశారు. చేసినవాడు ఎడ్ హెడ్రిక్. ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ కంపెనీలో పనిచేసిన మనిషి. ఆ పళ్ళెం నిలకడగా ఎగిరేటట్లు మెరుగుపరచి 1967లో పేటెంటు పొందింది కూడా ఆయనే. మొదట్లో బుట్టలు లేవు, పాతిన స్తంభాలే గురి. స్తంభానికి తగిలిందని ఒకరు, తగలలేదని ఇంకొకరు వాదులాడుకునేవారట. అందుకని గొలుసులు కట్టిన బుట్టను కనిపెట్టి, దానికి 1977లో పేటెంటు తీసుకున్నాడు. గొలుసులకు తగిలిన పళ్ళెం వేగం పోయి కింద బుట్టలో పడుతుంది, గలగలమని శబ్దం వస్తుంది. ఇక తగవు లేదు! హెడ్రిక్ 2002లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిదను ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. ఈ సంగతి మా వారికి చెబితే, "అంత పిచ్చి ఉంటే గాని ఆట నిలబడదు" అన్నారు.

ఇది ముసలివాళ్ళ కాలక్షేపం మాత్రమే అనుకోవద్దు. ఫిన్లాండ్, ఎస్తోనియా వంటి దేశాల్లో చాలా ఊళ్ళల్లో కోర్సులున్నాయి. 2022లోనూ, 2023లోనూ మహిళల ప్రపంచ విజేతగా నిలిచిన క్రిస్టిన్ టాటర్ ఎస్తోనియా ఆమె.

ఆట ఎలా సాగుతుంది?

సిమెంటు పలక మీద నిలబడి మొదటి విసురు విసరాలి. అక్కడి నుండి బుట్ట వరకు ఒక అంకం. ఎన్ని విసుర్లలో బుట్టలో వేశామన్నదే లెక్క, తక్కువ విసిరినవారు గెలిచినట్లు. డిస్క్ పడిన చోట గుర్తుగా ఒక చిన్న బిళ్ళ పెట్టి, దాని వెనుక కాలు ఆనించి తరువాతి విసురు విసరాలి. బుట్టకు అందరికంటే దూరంగా ఉన్నవారు ముందు విసురుతారు. బుట్టకు పది మీటర్ల లోపలికి వచ్చాక ఒక నియమం ఉంది. విసిరిన ఊపులో ముందుకు తూలి గుర్తు దాటకూడదు, నిలదొక్కుకున్నాకే కదలాలి. నీటిలోకో, హద్దు దాటి రోడ్డు మీదికో పోతే ఒక విసురు అదనంగా కలుపుతారు. నియమాలు ఇంకా చాలా ఉన్నాయి కాని సరదాకు ఆడేవారికి ఇవి చాలు.

డిస్కులు మూడు రకాలు. దూరం పోయే డ్రైవర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, దగ్గరి నుండి బుట్టలో వేయడానికి పటర్. డ్రైవర్ అంచు పలుచగా, గట్టిగా ఉంటుంది. చూసేవారికి అదే గొప్పగా అనిపిస్తుంది. కొత్తవారు, ముఖ్యంగా పెద్దవారు దాని జోలికి పోవద్దు. అది ఎగరాలంటే చేతిలో చాలా వేగం కావాలి. లేకపోతే ఎడమ వైపు తిరిగి నేల కూలుతుంది. "ఇంకా గట్టిగా విసరాలేమో" అని బలం పెట్టి భుజం నొప్పి తెచ్చుకుంటాము. నేను తెచ్చుకున్నాను. పటర్ గాని, మిడ్‌రేంజ్ గాని ఒక్కటి కొనుక్కుంటే ఆట మొత్తం దానితోనే ఆడవచ్చు.

విసరడం రెండు విధాలు. కుడిచేతి వాటం వారు కుడి భుజాన్ని గురి వైపు తిప్పి, డిస్క్‌ను ఛాతీకి అడ్డంగా లాగి వదలడం ఒకటి. దీన్ని బ్యాక్‌హ్యాండ్ అంటారు. ఇలా విసిరితే డిస్క్ నేరుగా వెళ్ళి, వేగం తగ్గాక చివరలో ఎడమకు వాలుతుంది. రెండవది ఫోర్‌హ్యాండ్. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించిన వారికి వేరే చెప్పనక్కర లేదు, సరిగ్గా అదే మణికట్టు విసురు. ఇది చివరలో కుడికి వాలుతుంది. ఎడమచేతి వాటం వారికి ఇవి తారుమారు అవుతాయి.

చెట్ల మధ్య, బయలులో

ఓక్ గ్రోవ్ వంటి కోర్సులో అసలు రుచి ఏమిటంటే నేల మారుతూ ఉంటుంది. కొంత దూరం దట్టమైన ఓక్ చెట్ల నీడ. కొమ్మలు మనిషి ఎత్తున అడ్డంగా పాకి ఉంటాయి. కాస్త దాటగానే ఎండ కాసే బయలు, ఎండిన గడ్డి, కొండ మీద నుండి వీచే గాలి. ఒకే చేయి, ఒకే డిస్క్. అయినా రెండు చోట్లా రెండు రకాల బుద్ధి కావాలి.

చెట్ల మధ్య బలం పనికి రాదు. అక్కడ కావలసింది సందు. నిలబడిన చోట నుండి రెండు మానుల మధ్య ఏ సందు వెడల్పుగా ఉందో చూసుకోవాలి. అది నేరుగా బుట్ట వైపు లేకపోయినా ఫరవాలేదు. మా వారు మొదట్లో చెట్టునే చూస్తూ విసిరేవారు, డిస్క్ వెళ్ళి ఆ చెట్టుకే తగిలేది. "మావయ్య గారూ, చెట్టును చూడకండి, ఖాళీని చూడండి" అని అల్లుడు చెప్పాక కొంత మెరుగయ్యారు. సందు ఎడమకు వంగితే బ్యాక్‌హ్యాండ్, కుడికి వంగితే ఫోర్‌హ్యాండ్. డిస్క్ సహజంగా వాలే వైపును వాడుకుంటే చేతికి శ్రమ ఉండదు. పొదల వెనుక చిక్కుకున్నప్పుడు కొమ్మల సందుల్లో నుండి ఏదో అద్భుతం చేద్దామని చూడకూడదు. పక్కకు, ఖాళీ దారి మీదికి చిన్నగా విసిరి ఒక విసురు పోగొట్టుకోవడమే లాభం. కుర్రవాళ్ళు ఇది ఒప్పుకోరు. అదే పొదలో మూడు విసుర్లు పోగొట్టుకున్నాక ఒప్పుకుంటారు.

బయలులో శత్రువు గాలి. ఎదురుగాలిలో డిస్క్ పైకి లేచి, అనుకున్న దానికంటే కుడి వైపుకు తిరుగుతుంది (కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ మాట చెబుతున్నాను). వెనుక గాలిలో త్వరగా కిందికి దిగి ఎడమకు పోతుంది. అందుచేత గాలి ఎదురైతే తక్కువ ఎత్తులో, ముందు అంచు కాస్త కిందికి ఉండేలా విసరాలి. బలం మాత్రం పెంచవద్దు. బయలు కనబడగానే ఎవరికైనా సరే గట్టిగా విసరాలని చేయి ఉబలాటపడుతుంది. నొప్పులు మొదలయ్యేది అక్కడే. రెండు విసుర్లలో చేరే దూరానికి పెద్దవారు మూడు విసుర్లు వాడితే తప్పేమీ లేదు. లెక్కలో ఒకటి ఎక్కువ అవుతుంది, అంతే.

బుట్ట దగ్గర పని నెమ్మదిగా ఉండాలి. కాళ్ళు స్థిరంగా పెట్టి, గొలుసుల మధ్యలో ఒకే ఒక గొలుసును చూస్తూ, డిస్క్‌ను ఎవరికో చేతికి అందిస్తున్నట్లు వదలాలి. మొదట మూడు మీటర్ల దూరం నుండి ఇరవైసార్లు వేసి చూడండి. గొలుసుల శబ్దం రెండుసార్లు వింటే మూడవసారి మీరే అడుగుతారు.

పార్కు మనది మాత్రమే కాదు. నడిచేవారు, కుక్కలను తిప్పేవారు, గుర్రాల మీద వచ్చేవారు కూడా అక్కడ ఉంటారు. వారు దాటిపోయే వరకు విసరకూడదు. విసిరేవారి ముందు ఎవరూ నిలబడకూడదు, ముఖ్యంగా పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వవద్దు. డిస్కు 150 నుండి 180 గ్రాముల బరువు ఉంటుంది, అంచు గట్టిది. నుదుటికి తగిలితే కుట్లు పడతాయి. పొరపాటున మనుషుల వైపు పోతే "ఫోర్!" అని గట్టిగా అరవాలి.

భుజం, మోచేయి

వయసు మళ్ళినవారు, ముఖ్యంగా షుగరు ఉన్నవారు భుజం విషయంలో జాగ్రత్తపడాలి. షుగరు ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. చేయి పైకి లేవదు, వీపు వెనక్కు పోదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేరు. అటువంటి వారు ముందు డాక్టరు గారికి చూపించుకోవాలి, ఆడుతూ సరిచేసుకుందాం అనుకోవద్దు. మిగిలినవారు ఆటకు ముందు ఐదు నిమిషాలు నడిచి, చేతులు చుట్టూ తిప్పి, నడుమును రెండు వైపులా తిప్పి మొదలుపెట్టాలి. విసురు బలం కాళ్ళ నుండి, నడుము నుండి రావాలి, చేయి చివరలో వస్తుంది. నేను చేసిన తప్పు ఇదే. కాళ్ళు కదపకుండా చేతితో మాత్రమే లాగాను. రెండు రోజులు జడ వేసుకోవడానికి మా అమ్మాయి సాయం కావలసి వచ్చింది. ఫోర్‌హ్యాండ్ ఎక్కువగా విసిరేవారికి మోచేయి లోపలి వైపు నొప్పి వస్తుంది. నొప్పి వచ్చిన రోజు ఆపి, ఐస్ పెట్టి, తగ్గేవరకు విశ్రాంతి ఇవ్వాలి. నొప్పి మాత్ర వేసుకుని ఆట కొనసాగించడం మంచిది కాదు. బి.పి., కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు అసలే వేసుకోకూడదు.

పొదలోకి పోయిన డిస్క్

చెట్లున్న కోర్సులో డిస్క్ పొదల్లోకి పోవడం మామూలే. వెతకడానికి చేయి పెట్టే ముందు చూడాలి. కాలిఫోర్నియాలో పాయిజన్ ఓక్ అనే మొక్క ఉంది. ఒక్కొక్క కాడకు మూడేసి ఆకులు, వసంతంలో నూనె పూసినట్లు మెరుస్తుంటాయి. దాని నూనె చర్మానికి తగిలితే ఒకటి రెండు రోజుల్లో దురద, ఎర్రటి దద్దుర్లు, నీటి పొక్కులు వస్తాయి. మన వాళ్ళకు ఇది కొత్త జబ్బు కాదు. మామిడి సొన పెదవికి తగిలితే పొక్కుతుంది కదా. జీడిపిక్కలు కొట్టే వారి చేతులు మాడినట్లు అవుతాయి. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజ సంగతి పెద్దవారికి తెలుసు. ఈ మొక్కలన్నీ ఒకే కుటుంబానికి చెందినవి, వాటి సొనలోని గుణం కూడా ఇంచుమించు ఒకటే. తగిలిన వెంటనే సబ్బుతో, ఎక్కువ నీటితో కడగాలి. డిస్క్‌ను, బూట్లను, బట్టలను కూడా కడగాలి. చర్మం మీద పోయినా డిస్క్ అంచున ఉన్న నూనె మళ్ళీ అంటుకుంటుంది. ముఖం వాచినా, కళ్ళ దగ్గర వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ర్యాటిల్ పాములు కూడా అక్కడ ఉంటాయి. తోక చివర గిలక మోగిస్తాయి, కాని ప్రతిసారీ మోగించవు. కనుక పొదలోకి, రాళ్ళ సందులోకి చేయి గాని, చెప్పుల కాలు గాని పెట్టవద్దు. కర్రతో కదిపి, కర్రతోనే డిస్క్‌ను లాగాలి. దొరకకపోతే వదిలేయండి, అది కొన్ని డాలర్ల వస్తువు. కాటు పడితే అక్కడైనా ఇక్కడైనా చేయవలసింది ఒకటే. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు. కాలు చేయి కదపకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అమెరికాలో 911కు ఫోను చేయాలి, మన దగ్గర 108కి.

ఎత్తు గడ్డిలో తిరిగిన రోజు ఇంటికి రాగానే స్నానం చేసి, మోకాళ్ళ వెనుక, గజ్జల్లో, చంకల్లో, చెవుల వెనుక పిడుదులు ఉన్నాయేమో చూసుకోవాలి. ఉంటే చిన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా నేరుగా పైకి లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరసనాయిలు పోయడం వద్దు. మన ప్రాంతంలోనూ పొదల్లో తిరిగిన వారికి చిన్న పురుగు కాటు వల్ల స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తోంది. జ్వరంతో పాటు ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి మచ్చ ఉంటే డాక్టరు గారికి తప్పక చూపించండి. మందు ఉంది, సమయానికి వేస్తే తగ్గిపోతుంది. ఆ మచ్చ సాధారణంగా బట్టలు కప్పిన చోట ఉంటుంది, సిగ్గుపడి చెప్పరు.

మా వారి కుడి పాదం

ఇప్పుడు చెప్పేది రాయడానికి నాకు కొంత కష్టంగానే ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా "రోజూ పాదాలు చూసుకోండి" అని రోగులకు చెబుతున్నదాన్ని. సర్జికల్ వార్డులో వేలు తీసేసినవారికి, పాదం తీసేసినవారికి కట్లు కట్టి కట్టి, ఆ పుండు ఎలా మొదలవుతుందో నా చేతులకు తెలుసు. అయినా నా ఇంట్లో జరిగింది.

మా వారికి ఆట కోసం కొత్త బూట్లు కొన్నాము. డిస్కౌంటులో వచ్చాయి, కాస్త బిగుతుగా ఉన్నాయి. "వేసుకోగా వేసుకోగా సాగుతాయి" అన్నారు, నేనూ సరే అన్నాను. మొదటి రోజు నుండే పద్దెనిమిది అంకాలూ వాటితోనే నడిచారు. అలా మూడవ శనివారం ఆడి ఇంటికి వచ్చి సోఫాలో కూర్చుంటే మా మనవరాలు "తాతయ్యా, మీ సాక్స్ ఎర్రగా ఉంది" అంది. తీసి చూస్తే కుడి బొటనవేలి మొదట్లో, అడుగు భాగాన, రూపాయి బిళ్ళంత పొక్కు లేచి చితికిపోయి ఉంది. బూటు తిరగేసి దులిపితే ఓక్ కాయ తలమీది టోపీ లాంటి గట్టి పెంకు రాలింది. రెండు గంటలు దాని మీద నడిచారు. ఆయనకు ఏమీ తెలియలేదు. "నొప్పి లేదు కదా, ఏం కాదులే" అన్నారు. నాకు గుండె జారింది ఆ మాటకే. నొప్పి లేకపోవడమే అసలు జబ్బు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. రాయి గుచ్చుకున్నా, బూటు కొరికినా తెలియదు.

శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గాజు గుడ్డ పెట్టి కట్టు కట్టాను. పసుపు, టూత్ పేస్టు, కాఫీపొడి లాంటివి పెట్టకూడదని మీకు వేరే చెప్పను. మరునాడు ఉదయమే అక్కడి డాక్టరుకు చూపించాము. ఎక్స్‌రే తీసి, ఎముక వరకు పోలేదని చెప్పారు. ఆ పాదం మీద బరువు వేయవద్దన్నారు. పుండు మూసుకోవడానికి ఐదు వారాలు పట్టింది. తన కారణంగా ఇలా అయిందని అల్లుడు బాధపడ్డాడు. తప్పు అతనిది కాదు, బూట్లు కొన్న రోజున వేలు పెట్టి చూడని నాది.

కాబట్టి షుగరు ఉన్నవారు ఈ ఆటకే కాదు, ఏ నడకకైనా వెళ్ళే ముందు ఇవి చేయండి. బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొత్తవాటిని మొదటి వారం రోజుకు ఒక గంట మించి వేయవద్దు. వేసుకునే ముందు లోపల చేయి పెట్టి తడిమి, తిరగేసి దులపాలి. తెల్ల సాక్స్ వేసుకోండి, రక్తం గాని చీము గాని అంటితే వెంటనే కనబడుతుంది. మా మనవరాలికి కనబడింది సాక్స్ తెల్లవి కావడం వల్లనే. ఆట మధ్యలో, సగం అంకాలు అయ్యాక బల్ల మీద కూర్చుని బూటు విప్పి ఒకసారి చూసుకోవాలి. ఇంటికి వచ్చాక అద్దం కింద పెట్టి అరికాళ్ళు చూసుకోవాలి, వంగలేనివారు ఇంట్లోవారి చేత చూపించుకోవాలి. ఇప్పటికే పాదం మీద పుండు ఉన్నవారు మానేవరకు ఇలాంటి నడకలు పెట్టుకోకూడదు.

ఇన్సులిన్ గాని, షుగరును బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు బయలుదేరే ముందు షుగరు చూసుకోవాలి. 90 కంటే తక్కువ ఉంటే ముందు ఏదైనా తినాలి. 250 దాటి ఉండి ఒంట్లో బాగా లేకపోతే ఆ రోజు ఆట మానాలి. జేబులో గ్లూకోజు గాని, పంచదార గాని ఉండాలి. చెమటలు, వణుకు, ఆకలి, తల తిరగడం వస్తే ఆగి కూర్చుని మూడు చెంచాల పంచదార తిని, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూసుకోవాలి. "ఈ అంకం అయ్యాక తింటాను" అనవద్దు. కార్లో గ్లూకోజు పెట్టి అడవి మధ్యలో ఉంటే ఉపయోగం లేదు. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, ఆయాసం వస్తే డిస్క్ కింద పెట్టి సాయం పిలవండి. ఎండ కాలంలో ఉదయమే వెళ్ళాలి, టోపీ పెట్టుకోవాలి. దాహం వేసే వరకు ఆగకుండా ప్రతి రెండు మూడు అంకాలకు కొన్ని గుక్కల నీరు తాగాలి. నీటి విషయంలో గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత పాటించాలి.

అమెరికా వెళ్ళేవారు ఇంకొకటి గమనించాలి. ప్రయాణానికి ముందు తీసుకునే ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బుల ఖర్చు ఇవ్వవు. పాలసీ కాగితంలో ఆ భాగం పిల్లల చేత చదివించుకుని వెళ్ళండి. మా వారి పాదానికి అయిన ఖర్చుతో నాలుగు జతల మంచి బూట్లు వచ్చేవి.

ఆ ఐదు వారాలు ఆయన ఇంట్లో కూర్చోలేదు. శనివారం మాతోనే వచ్చేవారు. బూట్లకు బదులు డాక్టరు ఇచ్చిన మెత్తని చెప్పు వేసుకుని, మొదటి బుట్టకు దగ్గరలో ఓక్ చెట్టు కింద బల్ల మీద కూర్చునేవారు. నేను, అల్లుడు, మనవరాలు ఆడి వచ్చి ఎవరెన్ని విసిరామో చెబితే కాగితం మీద పెన్సిలుతో రాసేవారు. నా లెక్కలో ఒకటి రెండు తగ్గించి చెబితే పట్టుకునేవారు కూడా. జూలైలో పుండు పూర్తిగా మానాక, ఒక సైజు పెద్ద బూట్లతో మళ్ళీ మొదలుపెట్టారు. మొదట ఆరు అంకాలు, తరువాత తొమ్మిది. సెప్టెంబరులో తిరిగి వచ్చేటప్పుడు పద్దెనిమిదీ ఆడుతున్నారు. మధ్యలో ఒకసారి, చివరలో ఒకసారి అరికాళ్ళు నాకు చూపిస్తూ.

వచ్చేటప్పుడు ఒక పటర్ తెచ్చుకున్నారు. ఇక్కడ బుట్ట ఎక్కడిది? మా క్వార్టర్స్ వెనుక వేపచెట్టు మానుకు ఛాతీ ఎత్తున ఎర్ర గుడ్డ ఒకటి కట్టారు. ఓక్ గ్రోవ్‌లోనూ మొదట బుట్టలు లేవు కదా అంటారు. గేటు దగ్గర నుండి మొదలుపెట్టి, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి, వేపచెట్టుకు తగిలించడం ఒక అంకం. సాయంత్రం ఐదున్నరకు స్టాఫు పిల్లలు నలుగురైదుగురు చేరతారు. డిస్క్ గుడ్డకు తగిలిందా, పక్కన మానుకు తగిలిందా అని రోజూ తగవే.